‘ఎప్పుడూ’ అంటే ఎప్పుడు?

చలికాలం వచ్చిందంటే వార్తల్లో తరచూ వినిపించే పేరు జి.మాడుగుల. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని మండలమిది. ఇక్కడి కొత్తపల్లి జలపాతం చూడ్డానికి పర్యటకులూ వస్తుంటారు. వాళ్లలో తెలుగు రాని ఒకరు ‘ఇక్కడ ఎప్పుడూ ఇంత చలేనా?’ అని ఇంగ్లిష్‌లో అడిగారనుకోండి. స్థానిక కుర్రాడు ఏం చెప్పాలి? ‘ఆల్వేస్’ అంటే ఏడాది పొడవునా వణుకే అనుకుంటారు. ‘రేర్లీ’ అంటే మళ్లీసారి స్వెట్టర్ లేకుండా వచ్చేస్తారు! ‘యూజువల్లీ, ఇన్ వింటర్’ అంటే సరిగ్గా సరిపోతుంది. చలికాలంలో మామూలుగా ఇంతేనని అర్థం.

ఒక మాట... రెండు ముఖాలు

తెలుగువాళ్లకు ఇక్కడ చిక్కు తెచ్చేది ‘ఎప్పుడూ’ అన్న మాటే. ‘ఎప్పుడూ వస్తాడు’ అంటే ఆల్వేస్. ‘ఎప్పుడూ రాడు’ అంటే నెవర్. మాట మారలేదు, క్రియ మారింది... అంతే. ఆ అలవాటుతోనే చాలామంది ‘హి ఆల్వేస్ డజ్ నాట్ కమ్’ అనేస్తుంటారు. ‘హి నెవర్ కమ్స్’ అనాలి. ‘నెవర్’లోనే ‘లేదు’ ఉంది కాబట్టి పక్కన మరో ‘నాట్’ అక్కర్లేదు. మన్యంలో కొందరు పిల్లలకు ఇంట్లో కువి లేదా ఆదివాసీ ఒడియా, బళ్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. వాళ్లకు తెలుగు మాటకు ఇంగ్లిష్ మాట బట్టీ పట్టించడం కన్నా ఇలాంటి జంట వాక్యాలు చూపిస్తే సులువుగా పట్టుబడుతుంది.

ఈ మాటల్ని మెట్లలా గుర్తుపెట్టుకోవచ్చు. పైమెట్టు ఆల్వేస్. ఆ కింద వరసగా యూజువల్లీ (మామూలుగా), ఆఫెన్ (తరచూ), సమ్‌టైమ్స్ (అప్పుడప్పుడు), రేర్లీ (ఎప్పుడో గానీ). అట్టడుగున నెవర్. పైమెట్టు నూటికి నూరు, కిందిమెట్టు సున్నా. మధ్యవాటికి కచ్చితమైన అంకెల్లేవు, అంతా ఉజ్జాయింపే.

ఎక్కడ కూర్చోవాలి?

ఈ మాటలు సాధారణంగా క్రియకు ముందు వస్తాయి: ‘ఇట్ ఆఫెన్ రెయిన్స్’. ఈజ్, ఆమ్, ఆర్ ఉంటే వాటి తర్వాత వస్తాయి: ‘ఇటీజ్ ఆఫెన్ కోల్డ్’. ‘సమ్‌టైమ్స్’కి మాత్రం కాస్త స్వేచ్ఛ ఎక్కువ. వాక్యం మొదట్లోనూ చివర్లోనూ కూడా ఇమిడిపోతుంది.

అంకె ఉంటే అంకే చెప్పాలి

ఎన్నిసార్లో తెలిసినప్పుడు ఉజ్జాయింపు మాటలెందుకు? మన్యంలో సంత వారానికోసారి. దాన్ని ‘వీక్లీ వన్స్’ అనడం మనకు అలవాటు. ‘వన్స్ ఎ వీక్’ అనాలి. అలాగే నెలకు రెండుసార్లయితే ‘ట్వైస్ ఎ మంత్’.

ఒక్కోసారి ఈ తేడా ఆరోగ్యానికి సంబంధించింది కూడా. కొన్ని రకాల మలేరియాలో జ్వరం రోజు విడిచి రోజు వస్తుంది. తెలుగు రాని డాక్టరు దగ్గర దాన్ని ‘సమ్‌టైమ్స్ ఫీవర్’ అంటే అసలు సంగతి జారిపోతుంది. ‘ఎవ్రీ అదర్ డే’ అంటే, జ్వరం ఏ తీరున వస్తోందో ఆయనకు వెంటనే తెలుస్తుంది. జ్వరం ఎలా వచ్చినా రక్తపరీక్ష మాత్రం చేయించుకోవాల్సిందే!

ఇంట్లో ఓ ఆట

పిల్లలతో ఈ వారం ఇలా ఆడించండి. పళ్లు తోముకోవడం, పాలు తాగడం, టీవీ చూడటం, అమ్మకు సాయం చేయడం... ఒక్కో పనికీ సరైన మెట్టు ఎంచుకుని వాక్యం చెప్పాలి. అది నిజమో కాదో మిగతావాళ్లు తేల్చాలి. పెద్దలకూ ఇందులో పాఠముంది. వారంలో ఒక్కరోజు హోంవర్కు ఎగ్గొట్టిన పిల్లాణ్ని ‘యూ నెవర్ డూ యువర్ హోంవర్క్’ అంటే వ్యాకరణం ఒప్పే... లెక్కే తప్పు!