సీటు హోదాకా, గంటలకా?

మా అన్నయ్య హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు. ఏ కంపెనీ అని అడక్కండి, చెప్పను. రెండేళ్ల క్రితం క్లయింట్ దగ్గర కొత్త సిస్టమ్ గో-లైవ్ ఉందని డాలస్ పంపించారు. ఇంట్లో పండగే. అమ్మ కారప్పొడి, గోంగూర పచ్చడి నాలుగు కవర్లు చుట్టి మరీ సర్దింది. నాన్న వీధి చివర కిరాణా కొట్టు దాకా చెప్పొచ్చారు. "కంపెనీ పని మీద పంపిస్తున్నారంటే బిజినెస్ క్లాసేనా?" అని పెదనాన్న అడిగితే అన్నయ్య నవ్వి ఊరుకున్నాడు.

హైదరాబాద్ నుంచి దుబాయ్ నాలుగు గంటలు. అక్కడ ఎయిర్‌పోర్టులో ఇంకో నాలుగు గంటలు. అక్కణ్ణుంచి డాలస్ దాదాపు పదహారు గంటలు. మూడు-నాలుగు-మూడు వరసలో నడిమి సీటు. కాళ్లు చాపుకోవాలంటే ముందు సీటు కింద పెట్టిన బ్యాగుతో బేరం ఆడుకోవాలి. అదే విమానంలో కర్టెన్‌కి అవతల వాళ్ల డెలివరీ హెడ్ కాళ్లు బార్లా చాపుకుని నిద్రపోయారు. శనివారం మధ్యాహ్నానికి దిగారు. ఆ రాత్రే కటోవర్. అన్నయ్య హోటల్లో బ్యాగ్ పడేసి, స్నానం చేసి, నేరుగా క్లయింట్ ఆఫీసుకి వెళ్లాడు. హెడ్ గారికి ఆ రాత్రి ఉన్న పనల్లా ఒకట్రెండు కాల్స్‌లో "అంతా ఓకేనా?" అని అడగడమే.

రాత్రి రెండు దాటాక, టెస్ట్ సర్వర్ మీద నడపాల్సిన స్క్రిప్టుని అన్నయ్య అసలు సర్వర్ మీద నడిపేశాడు. బ్యాకప్ ఉంది కాబట్టి బతికిపోయారు. మూడు గంటల్లో అంతా వెనక్కి తెచ్చారు. తర్వాత రాసిన రిపోర్టులో కారణం దగ్గర "మానవ తప్పిదం" అని పెట్టారు. ఆ మానవుడు అప్పటికి ఎన్ని గంటలుగా సరిగా నిద్రపోలేదో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

తప్పు చేసింది అన్నయ్యే. దాన్ని సీటు మీదకి నెట్టేద్దామని ఇది రాయట్లేదు. అయినా ఒక ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆ విమానంలో పడుకునే సీటు ఒక్కటే ఇవ్వగలిగితే, అది ఎవరికి ఇవ్వాలి? పెద్ద జీతం ఉన్నవాళ్లకా, దిగగానే కీబోర్డు ముందు కూర్చోవాల్సినవాళ్లకా?

మనకి పరిచయమైన ఒక లెక్కతో మొదలుపెడదాం. మన దేశంలో బండి నడిపేవాళ్ల 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉంటే నేరం. శనివారం రాత్రి పోలీసులు గొట్టం ఊదించేది ఈ లెక్క కోసమే. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు 'నేచర్' పత్రికలో ఒక చిన్న పేపర్ వేశారు. ఏకబిగిన 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చెయ్యీ కన్నూ కలిపి చేసే పనుల్లో ఎంత వెనకబడతాడో కొలిస్తే, అది రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి చేరింది. 24 గంటలు మేలుకుంటే 100 మిల్లీగ్రాముల స్థాయికి. అంటే ఆ స్థితిలో ఉన్నవాడు స్కూటీ నడిపితే మనం భయపడతాం. క్లయింట్ సర్వర్ నడిపితే మాత్రం "కమిట్‌మెంట్" అంటాం! దీనికి తోడు జెట్ లాగ్. డాలస్ టైముకి, మన టైముకి పదిన్నర నుంచి పదకొండున్నర గంటల తేడా. ఒళ్లు రోజుకి సుమారు ఒక గంట చొప్పున సర్దుకుంటుందని స్థూలంగా చెబుతారు. ఎంత మంచి పరుపు ఇచ్చినా అది ఒక్కరోజులో పోయేది కాదు.

సరే, కంపెనీలు ఎలా నిర్ణయిస్తాయి? ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, చాలావరకు బయటికి చూపించరు. కానీ రెండు ప్రభుత్వాల రూల్స్ మాత్రం ఎవరైనా చదవొచ్చు. ఆ రెండూ పక్కపక్కన పెడితే అసలు తేడా తెలుస్తుంది.

మొదటిది మనది. ఏడో వేతన సంఘం తర్వాత 2017 జులైలో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వుల్లో ప్రయాణ అర్హత పే లెవెల్‌ని బట్టి ఉంటుంది. లెవెల్ 14, ఆ పైవాళ్లకి దేశం లోపలా, బయటా బిజినెస్ క్లాస్ అర్హత ఉంది. లెవెల్ 13 అధికారికి ఎకానమీ. అంటే లెవెల్ 14లో ఉన్న జాయింట్ సెక్రటరీ గారు ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి రెండుంబావు గంటల ప్రయాణానికి బిజినెస్ క్లాసులో రావచ్చు. లెవెల్ 13లో ఉన్న డైరెక్టర్ గారు ఢిల్లీ నుంచి న్యూయార్క్‌కి పదిహేను గంటలు ఎకానమీలో వెళ్లాలి. ఆ రూలు గడియారం వైపు చూడదు, కుర్చీ వైపు చూస్తుంది.

రెండోది అమెరికా ప్రభుత్వానిది. అక్కడ ఉద్యోగులకి మామూలుగా ఎకానమీయే. కానీ బయలుదేరే చోటో, చేరే చోటో అమెరికా ప్రధాన భూభాగం బయట ఉండి, మధ్యలో విమానం మారే సమయంతో కలిపి ప్రయాణం 14 గంటలు దాటితే, బిజినెస్ క్లాస్‌కి అనుమతి ఇవ్వొచ్చు. దానంతటదే రాదు, శాఖ ఒప్పుకోవాలి. నాకు నచ్చింది దాని పక్కనున్న షరతు. ఈ 14 గంటల రూలు కింద పై క్లాస్ తీసుకుంటే, దారిలోగానీ దిగాకగానీ విశ్రాంతి కోసం విడిగా ఆగే అవకాశం ఉండదు. ఎకానమీలో వెళ్తే మాత్రం 24 గంటల లోపు విశ్రాంతికి అనుమతి దొరకొచ్చు. పరుపు కావాలా, పగలు కావాలా? రెండింట్లో ఒకటి.

ఆ దేశాన్ని నెత్తిన పెట్టుకోమని నేను అనట్లేదు. కానీ ఆ రూలు సరైన ప్రశ్న అడిగింది. మనది "నువ్వెవరు?" అని అడిగింది. వాళ్లది "ఎంతసేపు?" అని అడిగింది.

మన దగ్గర సీటు గురించి మాట్లాడితే వెంటనే పరువు గురించో, పొదుపు గురించో మాట్లాడినట్టవుతుంది. 2009 సెప్టెంబర్‌లో కేంద్రం ఖర్చులు తగ్గించుకోమన్నప్పుడు నాయకులు ఎకానమీలో, శతాబ్ది రైల్లో వెళ్లి కనిపించారు. అప్పుడే విదేశాంగ శాఖ సహాయ మంత్రి శశి థరూర్ ట్విట్టర్‌లో ఎకానమీని 'పశువుల క్లాసు' అన్నారని దేశమంతా గోల. ఆ గోలలో ఎవరికి వినయం ఉంది, ఎవరికి పొగరు ఉంది అనేదే చర్చ. ఎవరు ఎంతసేపు కూర్చుంటారు, దిగాక ఏం పని చేయాలి అనే మాటే లేదు.

కార్పొరేట్ కథల్లోనూ ఇదే వరస. వేల కోట్లున్న అజీమ్ ప్రేమ్‌జీ ఎకానమీలో తిరుగుతారని మన ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ సార్లు కూడా చెబుతుంటారు. గౌరవించాల్సిన విషయమే. కానీ యజమాని ఎకానమీలో కూర్చున్నంత మాత్రాన అందరూ సమానం అయిపోరు. మీటింగ్ ఎన్ని గంటలకో యజమాని చెబుతాడు. ట్రైనీకి మీటింగ్ చెప్పబడుతుంది. ఒకే సీట్లో కూర్చున్నా, దిగాక ఒకాయన పడుకోవచ్చు, ఇంకొకాయన లాగిన్ అవ్వాలి.

ఇంకో విషయం. ఈ క్లాసుకి 'బిజినెస్' అని పేరు ఎందుకొచ్చింది? 1970ల చివర్లో టికెట్ల మీద డిస్కౌంట్లు బాగా పెరిగాయి. ముందే కొనుక్కునే టూరిస్టు తక్కువకి ఎగిరేవాడు. ఆఖరి నిమిషంలో ఫుల్ రేటు కట్టి పని మీద వెళ్లేవాడు అతని పక్కనే ఇరుక్కునేవాడు. వాళ్లు గొడవ చేస్తుంటే, పని మీద వెళ్లేవాళ్ల కోసమని విమానంలో విడిగా చోటు చేశారు. పుట్టినప్పుడు అది పనివాళ్ల క్లాసు. తర్వాత పెద్దవాళ్ల క్లాసు అయింది.

ఇప్పుడు అవతలి వాదన కూడా వినాలి, అందులో బలముంది. మొదటిది డబ్బు. దూర ప్రయాణాల్లో బిజినెస్ టికెట్ మామూలుగా ఎకానమీకి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. అందరికీ ఇస్తే ప్రాజెక్టు లాభం గాల్లోనే ఆవిరైపోతుంది. రెండోది వాతావరణం. పడుకునే సీటు ఎక్కువ చోటు తింటుంది కాబట్టి దాని వంతు పొగ కూడా ఎక్కువే. 2013లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు లెక్కేస్తే బిజినెస్ క్లాస్ ప్రయాణికుడి కార్బన్ భారం ఎకానమీకి సుమారు మూడు రెట్లు తేలింది. మూడోది, ఎకానమీలో వెళ్తే కాళ్లల్లో రక్తం గడ్డకడుతుందని భయపెట్టేవాళ్లు పూర్తి నిజం చెప్పట్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది ఏంటంటే, నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే ఆ ప్రమాదం సుమారు రెట్టింపు అవుతుంది, అయినా అది ఆరువేల మందిలో ఒకరికి. అది బస్సుకీ, కారుకీ వర్తిస్తుంది. లేచి నాలుగడుగులు వేయకపోతే ముందు క్యాబిన్‌లో ఉన్నవాళ్లకీ వర్తిస్తుంది.

కాబట్టి "అందరికీ బిజినెస్ క్లాస్" అనేది నా డిమాండ్ కాదు. ఉన్న డబ్బునే సరైన చోట పెట్టమంటున్నాను. నన్ను పాలసీ రాయమంటే నాలుగు మాటల్లో రాస్తాను.

ఒకటి, పాలసీలో గ్రేడ్ అనే కాలమ్ కొట్టేయాలి. ఆరేడు గంటల లోపు ప్రయాణం అయితే ఛైర్మన్ నుంచి ట్రైనీ దాకా ఎకానమీ. హైదరాబాద్-ఢిల్లీ విమానంలో రెండు గంటలకి ఎవరి నడుమూ విరిగిపోదు. మిగిలిన డబ్బు కింది మాటకి పనికొస్తుంది.

రెండు, 14 గంటలు దాటితే ఒకే ప్రశ్న: దిగిన రోజే పని ఉందా? ఉంటే పడుకునే సీటు. లేకపోతే ఎకానమీ, దాంతోపాటు ఒక రాత్రి హోటలు, మర్నాడు సెలవు. ఈ సెలవు ఉద్యోగి ఖాతాలోంచి కోయకూడదు. ఒక రాత్రి హోటలు ఖర్చు ఆ రెండు టికెట్ల తేడా ముందు చాలా చిన్నది. చాలా కంపెనీలకి ఈ రెండో దారే చవక, భూమికీ మంచిది.

మూడు, గర్భిణులకి, నడుము ఆపరేషన్ అయినవాళ్లకి, ఆరడుగుల మూడంగుళాల వాళ్లకి అవసరాన్ని బట్టి ఇవ్వాలి. మేనేజర్ దయ కోసం మూడు మెయిల్స్ పెట్టించకూడదు.

నాలుగు, అసలు వెళ్లాలా అని ముందు అడగాలి. వీడియో కాల్‌తో అయిపోయే పనికి ఏ సీటైనా దండగే.

ఇదేం కొత్త ఆలోచన కాదు. ఆ విమానంలోనే దీనికి జవాబు ఉంది. చాలా దూరం వెళ్లే విమానాల్లో పైలట్లకి పడుకోవడానికి విడిగా బంకులు ఉంటాయి. వాళ్ల డ్యూటీ గంటలకీ, విశ్రాంతికీ ప్రభుత్వ నిబంధనలు ఉన్నాయి. అక్కడ ఎవరూ "నీ గ్రేడ్ ఎంత?" అని అడగరు, ఎందుకంటే నిద్ర చాలకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. మన పనిలో తప్పు జరిగితే విమానం కూలదు, నిజమే. కానీ బ్యాంకుల సాఫ్ట్‌వేర్, ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ నడిపేది కూడా మనవాళ్లే కదా.

ఇంకో ఏడాదిలో మన బ్యాచ్ ప్లేస్‌మెంట్స్ మొదలవుతాయి. ప్రీ-ప్లేస్‌మెంట్ టాక్ చివర్లో "ఎనీ క్వశ్చన్స్?" అంటారు. మనం ప్యాకేజీ ఎంత, బాండ్ ఎన్నేళ్లు, ఆన్‌సైట్ ఎప్పుడు అని అడుగుతాం. ఆన్‌సైట్ గురించి అడిగేవాళ్లు ఇంకొక్కటి కూడా అడగండి: "సార్, అంత దూరం వెళ్లి దిగాక, ఎన్ని గంటలకి లాగిన్ అవ్వాలి?" బిజినెస్ క్లాస్ ఇస్తారా అని అడిగితే నవ్వుతారు. ఇది అడిగితే నవ్వలేరు. రేపు మనలోనే ఎవరో ఒకరు ఆ పాలసీ రాసే కుర్చీలో కూర్చుంటారు, అప్పుడు ఈ ప్రశ్న గుర్తుంటే చాలు.

అన్నయ్య ఈ మధ్య మళ్లీ డాలస్ వెళ్లాడు. ఈసారి గో-లైవ్‌కి ఒకరోజు ముందే దిగాడు. కంపెనీ మారిందేమో అనుకుని సంతోషపడ్డాను. "పాలసీ మారిందా?" అని అడిగాను.

"లేదురా. నా సొంత లీవ్ ఒకటి పెట్టుకున్నా. ఫ్రెండ్ రూమ్‌లో పడుకున్నా" అన్నాడు.

కంపెనీ వాళ్ల ఖర్చుల పట్టికలో ఆ ట్రిప్ ఈసారి కూడా చవగ్గానే కనిపించి ఉంటుంది.