ఫైవ్ స్టార్ ఏసీ, జీరో స్టార్ స్లాబు

పోయిన మే నెలలో శామీర్‌పేట దగ్గర ఒక వెంచర్‌లో మా బావమరిది కొత్తగా కట్టుకున్న డూప్లెక్స్‌లో రెండు రాత్రులున్నాను. పై అంతస్తులో నైరుతి మూల బెడ్‌రూం. అందులో ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ ఏసీ. గృహప్రవేశమై ఆరు నెలలైనా దాని స్టిక్కర్ పీకలేదు, వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడు. "ఇది కరెంటు అస్సలు లాగదు బావా" అన్నాడు. రాత్రి పదింటికి ఏసీ, ఫ్యాను రెండూ ఆపించి, స్టూలెక్కి స్లాబుకు అరచెయ్యి ఆనించాను. అన్నం దించి కాసేపైన కుక్కర్ మూతలా ఉంది. అప్పటికి పొద్దుగూకి మూడు గంటలు దాటింది. బావమరిదిని కూడా ఎక్కమన్నాను. చెయ్యి పెట్టి తీసి, "స్లాబన్నాక వేడిగానే ఉంటుంది కదా" అన్నాడు.

నా తగాదా ఆ మాటతోనే.

స్లాబన్నాక వేడిగానే ఉంటుంది కాబట్టి మంచి ఏసీ కొనుక్కోవాలి. మేడ్చల్ నుంచి తూంకుంట దాకా, కండ్లకోయ నుంచి అలియాబాద్ దాకా కొత్తగా ఇల్లు కట్టుకునే వాళ్లలో ఎవరిని కదిపినా ఇదే మాట. కరెంటు ఆదా అంటే షాపులో దొరికే సరుకు. స్టార్లు ఎన్ని ఎక్కువుంటే అంత ఆదా. గజం ధర వాళ్లకు తెలుసు, టైల్స్ కంపెనీ తెలుసు, మాడ్యులర్ కిచెన్ ఖర్చు రూపాయితో సహా తెలుసు. స్లాబు మీద ఏం వేశారని అడిగితే మాత్రం "వాటర్‌ప్రూఫింగ్ చేయించాం" అంటారు. వాన దిగకుండా చూసుకున్నారు. ఏడాదిలో వాన పడేదెన్ని రోజులు, ఎండ కాసేదెన్ని రోజులు?

మంచి సామాను వద్దనడం లేదు నేను. 2015లో ఉజాలా పథకం వచ్చాక ఇళ్లలో 60 వాట్ల బల్బు పోయి 9 వాట్ల ఎల్‌ఈడీ వచ్చింది. 75 వాట్ల పాత ఫ్యాను చేసే పని బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లకు అటూ ఇటుగా చేసేస్తుంది. వీటి మీద పెట్టిన డబ్బు వసూలవుతుంది, అందులో అనుమానం లేదు. ఏసీ సంగతి వేరు. అది ఎంత లాగుతుందనేది గదిలోకి ఎంత వేడి వచ్చి పడుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. స్టిక్కర్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లని ఉండే అంకె ఉందే, అది ఏడాదికి 1600 గంటలు నడిపితే ఎంతవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పద్ధతిలో కట్టిన లెక్క. ల్యాబ్‌లో మిషన్ను పరీక్షించి కట్టింది. మీ పడమటి గోడ నాలుగంగుళాలదో తొమ్మిదంగుళాలదో దానికి తెలియదు. ఒకే ఏసీ చెట్టునీడ గదిలో ఒక బిల్లు తెస్తుంది, ఎండ స్లాబు కింద ఇంకో బిల్లు తెస్తుంది. రెండిళ్లలోనూ స్టార్లు అయిదే.

మన దగ్గర మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, ఆగస్టు మొదట్లో ఇంకోసారి. నిలువుగా పాతిన కర్రకు నీడ పడదు. జీరో షాడో డే అని పేపర్లలో ఫొటోలు వేస్తారే, అదే. ఆ వేళకు గోడల మీద ఎండ లేనట్టే. పడేదంతా స్లాబు మీదే. చదరపు మీటరుకు దగ్గర దగ్గర 900 వాట్లు వేసుకుంటే, వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద 80 కిలోవాట్లకు పైగా ఎండ. అదంతా లోపలికి రాదు. కొంత తిరిగి పోతుంది, కొంత గాలి పట్టుకుపోతుంది. నేను వేసిన లెక్క ప్రకారం ఉత్త కాంక్రీట్ స్లాబైతే 12 అడుగులకు 12 అడుగుల గదిలోకి ఎండ ముదిరిన వేళ ఒకటిన్నర కిలోవాట్ల దాకా దిగుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ బయటికి తోయగలిగిన వేడి 5.2 కిలోవాట్లు. అంటే అయిదు స్టార్లకు మీరు కట్టిన డబ్బులో మూడో వంతుకు దగ్గరగా ఒక్క స్లాబే తినేస్తోంది. పైగా కాంక్రీట్ పగలు మింగింది రాత్రికి కక్కుతుంది. పదింటికి నా అరచేతికి తగిలింది అదే.

ఇక నైరుతి బెడ్‌రూం. వాస్తు మీద నాకు పేచీ లేదు, ఎవరి నమ్మకం వాళ్లది. కానీ ఇంటి యజమాని పడుకునే గది నైరుతిలో, అంటే పడమటెండ నేరుగా గోడకు తగిలే మూలలో పెడతాం. తూర్పు ఫేసింగ్ ప్లాటుకు గజానికి ఎక్కువ పెట్టి కొని, వెనక పడమటి గోడను నాలుగంగుళాల సిమెంటు ఇటుకతో లేపుతాం. వ్యూ కోసం అదే గోడకు ఆరడుగుల అద్దం పెడతాం. పైన సజ్జా ఉంటే ఎలివేషన్ చెడుతుందని దాన్నీ తీసేయిస్తాం. నైరుతి బరువుగా ఉండాలని వాస్తువాళ్లే అంటారు కదా, ఆ బరువేదో గోడకే ఇవ్వొచ్చు. తొమ్మిదంగుళాల గోడ, లోపల ఆ గోడ పొడుగునా బీరువాలు, బయట ఒక వేపచెట్టు. సిద్ధాంతిగారు కాదనరు.

ఈ ఊళ్లలోనే ఇంకా అక్కడక్కడ గూన పెంకల ఇళ్లు మిగిలాయి. వాటిని చూసి కన్నీళ్లు పెట్టుకునే రకం కాదు నేను. వానొస్తే కారతాయి, కోతులు పెంకులు పీకుతాయి, లోపల పట్టపగలు చీకటి. అయినా మందపాటి రాతిగోడ, ఎత్తుగా లేచిన కప్పు, ముందు నీడనిచ్చే వసారా ఉన్న ఆ ఇంట్లో మే నెల మధ్యాహ్నం చాప వేసుకుని నిద్రపోయేవాళ్లం. కట్టిన మేస్త్రికి ఎండ ఎటు నుంచి వస్తుందో తెలుసు. ఇప్పటి ఇల్లు ఏసీ ఉంటుందన్న భరోసాతో గీసిన ఇల్లు. కరెంటు పోతే అందులో గంటసేపు కూర్చోలేం.

"సోలార్ పెట్టిస్తున్నాంగా, ఇక బాధేముంది?" అనేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ప్లాంటుకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. పెట్టించుకోండి, పలకల నీడ స్లాబుకు కూడా మేలే. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: బెడ్‌రూం ఏసీ నడిచేది రాత్రి తొమ్మిది నుంచి తెల్లారేదాకా. ఆ వేళకు పలకలు నిద్రపోతుంటాయి. నెట్ మీటర్ మీ బిల్లును సరిచేస్తుంది గానీ రాత్రి గ్రిడ్ నుంచి వచ్చే కరెంటులో ఎక్కువ పాలు బొగ్గుదే. శామీర్‌పేట ముందు నుంచి పోయే రాజీవ్ రహదారి పట్టుకుని ఆగకుండా వెళ్తే రామగుండం థర్మల్ ప్లాంటు వస్తుంది.

అసలు ఈ ఫైవ్ స్టార్ సలహా ఎవరికి? మేడ్చల్ ఫ్యాక్టరీల చుట్టూ సిమెంటు రేకుల గదుల వరసలున్నాయి. అద్దెకుండేవాళ్లకు సబ్‌మీటర్, ఓనరు చెప్పిందే రేటు. వాళ్లతో స్టార్ల గురించి మాట్లాడి ఏం లాభం? 2017లో హైదరాబాద్ బస్తీల్లో పేదల ఇళ్ల కప్పులకు తెల్లటి పొర పరిచి చూశారు, ఇంటి లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రేకు మీద తెల్లసున్నం కొట్టినా కొంత ఫలితం ఉంటుంది. రెండు వానలకు సున్నం పోతుంది, హైవే దుమ్ముకు తెలుపు మాస్తుంది, ఏటా ఫిబ్రవరిలో మళ్లీ కొట్టాలి, నిజమే. అదే పనిగా చేయాల్సిన చాకిరీ కాబట్టే దానికి బ్రోచర్ లేదు, ఈఎంఐ లేదు, పండగ ఆఫర్ లేదు.

మధ్యతరగతి వాళ్లకు బిల్లు లెక్క ఒకటి చెప్తాను. తెలంగాణలో 2022 నుంచి ఉన్న శ్లాబుల ప్రకారం నెలకు 200 యూనిట్లు కాలిస్తే యూనిట్ చార్జీ 820 రూపాయలు. 201 కాలిస్తే మొదటి 200 యూనిట్లకూ 5.10 పడి మొత్తం 1027.70 అవుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. తెల్ల రేషన్ కార్డుతో గృహజ్యోతి జీరో బిల్లు వచ్చేవాళ్లకైతే 200 దాటిన నెల మొత్తం బిల్లూ నెత్తిన పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ గీత దాటించేది తరచుగా కప్పు వేడే.

సర్కారుకు ఈ సంగతి తెలియదా? తెలుసు. హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు అమెరికా బయట మొట్టమొదట పొందిన భవనం హైదరాబాద్‌లోనే ఉంది, 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహితలో కప్పు నుంచి వేడి ఎంత దిగొచ్చో అంకె వేసి చెప్పారు: యూ వాల్యూ 1.2 దాటకూడదు. ఉత్త స్లాబుకు అది మూడుకు పైనే ఉంటుంది. స్లాబు మీద రెండంగుళాల ఇన్సులేషన్ షీటు వేసి, దాని మీద తెల్ల టైలు ముక్కలు పరిస్తే ఆ గీత కిందికి తేలిగ్గా దిగిపోతుంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం కూడా తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. కానీ ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన ఉన్న ప్లాట్లకే తప్పనిసరి అంది. అంతకు తక్కువైతే ఎవరిష్టం వాళ్లది. శామీర్‌పేట రోడ్డు మీద ఏ వెంచర్ హోర్డింగైనా చూడండి: 150, 200, 267 గజాలు. రూలు రాసినవాళ్లు మన ఇళ్లను వదిలేసి రాశారు.

600 అన్న అంకెను 100కు దించాలి. ఇంటి అనుమతికి దరఖాస్తు చేసినప్పుడు సెట్‌బ్యాక్ ఎన్నడుగులని అడిగినట్టే కప్పు మీద ఏం వేస్తున్నారని అడగాలి. అది జరిగేలోపు ఈ సీజన్లో స్లాబు పోయించుకునేవాళ్లు మేస్త్రిని, ఇంజినీర్‌ను మీరే అడగండి. సెంట్రింగ్ కట్టకముందే అడగండి. ఏసీ ఆ తర్వాత కొనుక్కోవచ్చు, బహుశా ఒక టన్నుది సరిపోతుంది.