పలుచని పొరల కాపలా

నీరు కరువైన చోటే నీటి పనితనం బాగా కనిపిస్తుంది. అమెరికా నైరుతిన యూటా, కొలరాడో, న్యూమెక్సికో, అరిజోనా రాష్ట్రాలు కలిసే చోట పరుచుకున్న ఎత్తయిన ఎడారి, కొలరాడో పీఠభూమి, అందుకు సాక్ష్యం. చెట్టూ చేమా పలుచగా ఉండటంతో వాన పడిందంటే నీళ్లు ఇంకే వ్యవధి లేకుండా వరదై పరుగెడతాయి, దారిలో రాతిని కోస్తాయి. చలికాలంలో పగుళ్లలోని నీరు గడ్డకట్టి, ఉబ్బి, బండలను చీలుస్తుంది. గ్రాండ్ కాన్యన్‌ను కొలరాడో నది యాభై, అరవై లక్షల ఏళ్లుగా తొలుస్తోందని అంచనా. దాని పొడవు 446 కిలోమీటర్లు, లోతు మైలుకు పైనే. అంచున ఉన్న సున్నపురాయి వయసు సుమారు 27 కోట్ల ఏళ్లు, అడుగున నది ఒరుసుకునే రాయిది 170 కోట్లకు పైమాటే.

లోతు చూసి నివ్వెరపోవడం సహజం. కానీ ఇక్కడ మిగిలి ఉన్నదాన్ని కాపాడుతున్నవి పలుచని పొరలు. మేసాలనే బల్లపరుపు గుట్టలనే చూడండి. పైన గట్టి రాతి పొర, కింద మెత్తని షేల్ రాయి. పై పొర గొడుగులా కాస్తున్నంత కాలమే గుట్టకు ఆయువు. అంచులు విరిగేకొద్దీ అది చిక్కి, చివరకు ఒంటి స్తంభమై కూలిపోతుంది. నవాహో ఆదివాసుల నేలపై ఉన్న మాన్యుమెంట్ వ్యాలీలో ఈ దశలన్నీ ఒక్కచోటే చూడవచ్చు.

నేల మీద మరో పొర ఉంది. మాడిన పెచ్చులా నల్లగా కనిపించే అది సయనోబాక్టీరియా, లైకెన్లు, నాచు కలిసి అల్లుకున్న సజీవ పొర. ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుంది, గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. ఒక్క అడుగు పడితే నలిగిపోతుంది. కోలుకోవడానికి ఏళ్లు, ఒక్కోచోట దశాబ్దాలు పడతాయి.

ఇంత పొదుపైన నేల మీదా కాపురాలున్నాయి. అరిజోనా మేసాలపై హోపీ ఆదివాసులు శతాబ్దాలుగా కాలువల ఊసు లేకుండా, ఇసుకలో తడి తగిలేదాకా తవ్వి గింజ నాటి, మొక్కకూ మొక్కకూ ఎడం ఉంచి మొక్కజొన్న పండిస్తున్నారు. నేల ఇవ్వగలిగినంతే అడగడం వారి సేద్యం.

పెన్న కోసిన గండికోట లోయను గ్రాండ్ కాన్యన్‌తో పోల్చి మురిసే మనకు ఆ ఎడారి కొత్తది కాదు. సెలవులకు అక్కడికి వెళ్లే తెలుగు కుటుంబాలూ ఎన్నో. అక్కడి పార్కుల వాళ్లు కోరేది చిన్న మాట: బాట మీదో, బండ మీదో నడవండి. నది కోతను ఎవరూ ఆపలేరు, ఆపనక్కర్లేదు కూడా. ఆ నల్లని పొర దశాబ్దాల పెరుగుదలను ఒక్క ఫొటో కోసం తొక్కేయకుండా ఉండటం మాత్రం ప్రతి యాత్రికుడికీ సాధ్యమే.