నక్షత్రం గుర్తును దాచుకోవద్దు

మీ జేబులోని రూపాయి బిళ్ళను తీసి సంవత్సరం అంకె కింద ఒకసారి చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో తయారైంది. డైమండ్ ఆకారం ఉంటే ముంబయి, గుండ్రని చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. వీటినే మింట్ మార్కులంటారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళకు ఇది ఒక మార్కు ప్రశ్న. అయితే ఈ గుర్తు అసలెందుకు పుట్టిందో తెలుసుకుంటే, హాస్టల్లో చదివిన మనకు అందులో పనికివచ్చే పాఠం ఒకటి ఉందని నా అభిప్రాయం.

పాత ఇంగ్లండులో వెండి పెన్నీలను ఎన్నో ఊళ్ళలో ముద్రించేవారు. ప్రతి పెన్నీ వెనకవైపు దానిని కొట్టినవాడి పేరు, ఊరి పేరు ఉండేవి. వెండిలో కల్తీ జరిగితే ఎవరిని పట్టుకోవాలో తెలియాలి కదా! నాణేలు నాసిరకమైపోయాయని మొదటి హెన్రీ రాజు కాలంలో, 1124 చివర, నాణేలు కొట్టేవాళ్ళను వించెస్టర్ నగరానికి పిలిపించి రాజాజ్ఞ మీద కుడిచేతులు నరికారు. శిక్ష క్రూరమైనదే. కానీ గుర్తు వెనుక ఉన్న ఉద్దేశం మాత్రం స్పష్టం. సరుకు చెడితే చేసినవాడు జవాబు చెప్పాలి.

తరువాతి కాలంలో పేర్లకు బదులు గులాబి, సింహం, సూర్యుడు వంటి చిన్న బొమ్మలు వచ్చాయి. కొంతకాలానికొకసారి బొమ్మ మార్చేవారు. ఆ గుర్తున్న నాణేల్లో కొన్నింటిని పక్కకు తీసి పెట్టెలో భద్రపరచి, తరువాత పెద్దల ఎదుట తూచి, కరిగించి పరీక్షించేవారు. 'పిక్స్ విచారణ' అనే ఈ పరీక్ష ప్రస్తావన 1282 నుంచి ఉంది. లండన్‌లో కంసాలుల సంఘం వారు జ్యూరీగా కూర్చుని నేటికీ ఏటేటా జరుపుతున్నారు.

ఈ కథకు మన కోస్తాతోనూ సంబంధం ఉంది. గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ఉత్తర సర్కారులలో చెలామణి కోసం 1794 సంవత్సరం వేసిన కంపెనీ రాగి నాణేలు బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బౌల్టన్ నడిపిన సోహో టంకశాలలో, ఆవిరి యంత్రాల మీద తయారయ్యాయి. వాటి మీద కంపెనీ ముద్ర, లాటిన్ నినాదం, రూపాయికి ఎన్ని నాణేలో తెలిపే ఇంగ్లీషు లెక్క ఉన్నాయి. తెలుగక్షరం ఒక్కటీ లేదు. అదే బౌల్టన్ 1797లో ఇంగ్లండు ప్రజల కోసం చేసిన పెద్ద రాగి పెన్నీ మీద 'సోహో' అని వేసుకున్నాడు. పని మీద నమ్మకమున్నవాడు పేరు వేయడానికి జంకడు.

మన నక్షత్రం సంగతీ చూడండి. నిజాం ప్రభుత్వ టంకశాల 1903లో సైఫాబాద్‌కు వచ్చింది. 1950లో భారత ప్రభుత్వం కిందికి చేరింది. 1997లో చర్లపల్లికి మారింది. ఇల్లు మారినా నక్షత్రం అలాగే ఉంది. నక్షత్రమున్న రూపాయికి ముంబయి రూపాయి కంటే పైసా తక్కువిచ్చే కొట్టు ఎక్కడా లేదు.

ఇక మన విషయం. పై చదువుకో, ఉద్యోగానికో వెళ్ళినప్పుడు "ఎక్కడుండి చదివావు?" అని అడిగితే మనలో చాలామంది బాపట్ల అనో, చీరాల అనో ఊరి పేరు చెప్పి ఆపేస్తారు. సాంఘిక సంక్షేమ హాస్టల్ అంటే కులం చెప్పినట్టేనని భయం. ఆ భయం ఊరికే రాలేదు. గది అద్దెకిచ్చేవాడి ముఖం ఆ ఒక్క మాటతో మారడం చూసినవాళ్ళు మనలో ఉన్నారు. దాచుకున్నవారిని నేను నిందించను. అయినా చెప్పాలనే అంటాను.

ఎందుకంటే, పదో తరగతి తప్పిన పిల్లవాణ్ణి చూసి లోకం "హాస్టల్ పిల్లలింతే" అంటుంది. తూకం తగ్గిన నాణేనికి టంకశాలను అడిగినట్టు, ఇక్కడ కూడా అడగవలసిన ప్రశ్నలున్నాయి. ట్యూటర్ రోజూ వచ్చాడా? పుస్తకాలు బడి తెరిచేసరికి అందాయా? రాత్రి చదువుకు చాలినంత వెలుతురు ఉందా? ఈ ప్రశ్నలు గట్టిగా అడగాలంటే "నేను ఈ హాస్టల్లో చదివినవాణ్ణి" అని ముందు చెప్పుకోవాలి. గుర్తు చెరిపేసుకున్న నాణెం ఏ టంకశాల మీదా సాక్ష్యం చెప్పలేదు.

అందుకే నాదొక సూచన. మనమూ ఏటా ఒక 'పిక్స్ విచారణ' పెట్టుకుందాం. వార్షికోత్సవం నాడు ఐదుగురు పూర్వ విద్యార్థులు కూర్చుని, ఆ ఏడు ఎందరు చేరారు, ఎందరు పాసయ్యారు, ఎందరు మధ్యలో మానేశారు, ఎందుకు మానేశారు అన్నది రిజిస్టరులో రాసి సభలో చదవాలి. ఎవరినో అవమానించడానికి ఇది వద్దు. మానేసిన పిల్లవాణ్ణి వచ్చే జూన్‌లోగా వెనక్కి తేవడానికి కావాలి. 1918లో సారస్వత నికేతనాన్ని స్థాపించి, పాత పత్రికలను సైతం పదిలంగా దాచిన ఊరు మన వేటపాలెం. ఒక్క రిజిస్టరును దాచలేమా?

తమ్ముళ్ళూ, రేపు మీ బయోడేటాలో హాస్టల్ పేరు పూర్తిగా రాయండి. ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలారా, ముందు మీరు రాస్తే వాళ్ళకు ధైర్యం వస్తుంది.