ఇంట్లో రూటర్ల ల్యాబ్: ఆపకండి, రెండు షరతులు పెట్టండి

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం నా ఆఫీసు మీటింగ్ మధ్యలో నెట్ పోయింది. హాల్లో అత్తయ్యగారి సీరియల్ కూడా ఆగిపోయింది. వైఫై సిగ్నల్ నిండుగానే ఉంది, కానీ ఏదీ తెరుచుకోవడం లేదు. నెట్ వాళ్లకు ఫోన్ చేయబోతుంటే తొమ్మిదో తరగతి చదివే మా బాబు నెమ్మదిగా వచ్చి, "అమ్మా, అది నా రూటర్ వల్లేమో" అన్నాడు.

వాడి రూటర్ పెట్టె కాదు, ఒక ఫైలు. రూటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని ఒకే ఫైలుగా ఇస్తే దాన్ని ఇమేజ్ అంటారు. వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తెరిస్తే కంప్యూటర్ లోపలే ఒక రూటర్ తయారవుతుంది. వాడు దానికి డీహెచ్‌సీపీ, అంటే ఇంట్లోని ఫోన్లకీ టీవీకీ అడ్రసులు పంచే పని అప్పగించాడు. కానీ దాన్ని మా ఇంటి నెట్‌వర్క్‌కే కలిపేశాడు. అడ్రసు కావాలని ఫోన్ అడిగినప్పుడు ఎవరు ముందు జవాబిస్తే వాళ్ల మాటే వింటుంది. వాడి రూటర్ ముందు పలికి "బయటికి దారి నేనే" అంది. దాని వెనక దారే లేదు.

ఆ రోజు నాకు కోపం వచ్చిన మాట నిజం. మావారైతే ఇక కంప్యూటర్ వద్దన్నారు. ఫౌండేషన్ క్లాసులూ వీకెండ్ టెస్టులూ ఉండగా ఇదెందుకని మీలో చాలామందికీ అనిపిస్తుంది. అయినా ఆపకూడదనే నా అభిప్రాయం. తన తప్పు ఎక్కడుందో వాడే పది నిమిషాల్లో పట్టుకుని చెప్పాడు. టెస్టు పేపర్లో పోయిన మార్కు గురించి వాడు ఏనాడూ అంత ఆలోచించలేదు.

నేను పెట్టినవి రెండే షరతులు. మొదటిది, ల్యాబ్ ఇంటి నెట్‌తో కలవకూడదు. వర్చువల్‌బాక్స్‌లో 'ఇంటర్నల్ నెట్‌వర్క్' ఎంచుకుంటే ఆ రూటర్లు వాటిలో అవే మాట్లాడుకుంటాయి, సీరియల్ జోలికి రావు.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. పెద్ద కంపెనీ ఇమేజ్ ఒకటి ఏదో గ్రూపులో ఎవరో పెడితే వాడు దించుకున్నాడు. "అందరూ ఇదే వాడతారమ్మా" అన్నాడు. సిస్కో లాంటి కంపెనీల ఇమేజ్‌లకు లైసెన్సు కావాలి. పైగా ఊరూపేరూ లేని చోటు నుంచి వచ్చిన ఫైల్లో ఇంకేం దూరిందో మనకు తెలియదు. తీసేయమన్నాను. రెండు రోజులు అలిగాడు.

నిజానికి దొంగ ఫైలు అవసరమే లేదు. మైక్రోటిక్ కంపెనీ తన వర్చువల్ రూటర్‌ను ఉచితంగానే ఇస్తుంది. వేగం ఒక్కో ఇంటర్‌ఫేస్‌కు 1 ఎంబీపీఎస్ దాటదు, అంతే. నేర్చుకోవడానికి అది చాలు. 8 జీబీ మెమరీ ఉన్న మామూలు కంప్యూటర్లో మూడు హాయిగా నడుస్తాయి. వైఓఎస్ అనే ఓపెన్ సోర్స్ రూటర్ కూడా ఉంది. రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ పద్ధతి ఏ ఒక్క కంపెనీదీ కాదు, అందరూ వాడేదే. ఇక్కడ నేర్చుకున్నది రేపు ఏ కంపెనీ పెట్టెలోనైనా పనికొస్తుంది. కాకపోతే కమాండ్లు మారతాయి. మరీ చిన్న పిల్లలైతే సిస్కో వాళ్లే ఉచితంగా ఇచ్చే ప్యాకెట్ ట్రేసర్‌తో మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు వాడు మూడు రూటర్లను కలుపుతున్నాడు. మూడోది మిగతా రెండింటినీ ఇంకా పలకరించడం లేదు. ఏరియా నంబరు తప్పు ఇచ్చానేమో అంటున్నాడు. నిన్న రాత్రి పడుకోమని చెప్పడానికి వెళ్లి నేనూ పావుగంట అక్కడే కూర్చున్నాను.