మందు కలిపే చేతికి చెప్పేదెవరు?

పత్తి, మిరప చేలల్లో మందు కొట్టే రోజున పని రెండు చోట్ల సాగుతుంది. సాళ్ల వెంట పంపు మోసుకుంటూ నడిచేది ఎక్కువగా మగవాళ్లు. గట్టు మీద డ్రమ్ము దగ్గర నీళ్లు పోసి, డబ్బా మూత తీసి, మందు కొలిచి కలిపి, ఖాళీ అయిన ట్యాంకును మళ్లీ మళ్లీ నింపేది ఎక్కువగా ఆడవాళ్లు. మార్టూరు నుంచి చిలకలూరిపేట దాకా జాతీయ రహదారికి అటూ ఇటూ ఉన్న పల్లెల్లో ఇదేమీ ఎవరికీ తెలియని సంగతి కాదు. అయినా జాగ్రత్తలు చెప్పే సభకు పిలుపు మాత్రం పాసుపుస్తకం ఉన్న రైతుకే వెళ్తుంది. చిక్కటి మందుకు అందరికంటే దగ్గరగా ఉండే మనిషి ఆ సభలో కనిపించదు.

చట్టం తన వంతు రాసే పెట్టింది. 1971 నాటి కీటకనాశినుల నిబంధనల ప్రకారం ప్రతి డబ్బా మీదా రంగు గుర్తు ఉండాలి. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు దాని తర్వాతిది, నీలం ఒక మోస్తరు, ఆకుపచ్చ స్వల్పం. లోపల పెట్టే కరపత్రం హిందీ, ఇంగ్లిషులతో పాటు ఆ ప్రాంతపు భాషలోనూ ఉండాలి. విషం ఎక్కిన లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు అందులో ఉండాలి. ఉంటాయి కూడా, మడతల మీద మడతలు పెట్టిన కాగితం మీద, కళ్లజోడుకు కూడా అందనంత చిన్న అక్షరాల్లో. పైగా ఆకుపచ్చ రంగు చూస్తే ఎవరికైనా ప్రమాదం లేదనే అనిపిస్తుంది. ఆ రంగులను నిర్ణయించేది ప్రయోగశాలలో జంతువులను చంపే మోతాదును బట్టి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మందు నీళ్లతో తడిసిన చీరతో నిలబడితే ఒంటికి ఏమవుతుందో ఆ గుర్తు చెప్పదు.

ఏమవుతుందో ఆడవాళ్లే చెప్పారు. 2003 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా మన దేశంలోని మూడు గ్రామాల్లో పరిశోధకురాలు ఫ్రాన్సెస్కా మంచిని బృందం ఒక అధ్యయనం చేసింది. పత్తి పండించే 50 మంది మహిళలు మందు పని జరిగిన ప్రతిసారీ తమకూ, తమ ఇంటి మగవాళ్లకూ కలిగిన బాధలను నమోదు చేశారు. అలా నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతం సార్లు స్వల్పంగానో తీవ్రంగానో విషప్రభావం కనిపించింది. మందు కలపడం, ట్యాంకు నింపడం కూడా స్వయంగా పిచికారీ చేయడమంత ప్రమాదకరమేనని తేలింది. 6 శాతం సార్లు నరాల మీద ప్రభావం అతి తీవ్రంగా ఉంది. అంత జరిగినా ఒక్కరు కూడా ఆసుపత్రికి వెళ్లలేదు.

ఈ చివరి మాట దగ్గర ఆగాలి. తలనొప్పి, వాంతి, చెమటలు, చూపు మసకబారడం వంటివన్నీ ఎండదెబ్బ కింద, నీరసం కింద కొట్టుకుపోతున్నాయి. ‘మందు పడలేదు’ అనుకుని మజ్జిగ తాగి పడుకుంటారు. మర్నాడు మళ్లీ అదే పని. ఆసుపత్రి రికార్డులోకి ఎక్కని జబ్బుకు ప్రభుత్వం లెక్కలో చోటుండదు, కాబట్టి దాని మీద ప్రచారానికి డబ్బూ ఉండదు.

మందుల వల్ల నష్టం ఈ నేలకు కొత్త పాఠం కాదు. 1980లలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను విచ్చలవిడిగా కొట్టాక ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తిని తెల్లదోమ ముంచెత్తింది. మందుకు లొంగని శనగపచ్చ పురుగు దానికి తోడైంది. 1987-88లో ఇక్కడి పత్తి రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. 2021లో మిరప మీద నల్ల తామర పురుగు పడ్డప్పుడూ రైతులు చేతికందిన మందల్లా కొట్టారు. ఆ కష్టకాలంలో రైతు ముందుగా వెళ్లింది పురుగుమందుల కొట్టుకే. మందు అమ్మేదీ, అరువు ఇచ్చేదీ, సలహా చెప్పేదీ ఒకే మనిషి. ఈ సంగతి గుర్తించే హైదరాబాద్‌లోని ‘మేనేజ్’ వ్యవసాయ విస్తరణ సంస్థ 2003లో డీలర్లకు ఏడాది డిప్లొమా కోర్సు మొదలుపెట్టింది. మంచి పనే. కానీ అమ్మకం మీద బతికే గొంతు ఒక్కదానికే ఆరోగ్యం మాట అప్పగించి ఊరుకోవడం తప్పు.

వేరే గొంతులు తెలుగు నేల మీదే ఉన్నాయి. జహీరాబాద్ దగ్గర మాచ్నూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన దళిత మహిళలు 2008 అక్టోబరు 15న సంఘం రేడియోను ప్రారంభించారు. విత్తనం, తిండి, వైద్యం గురించి వాళ్ల యాసలోనే వాళ్లే మాట్లాడారు. ఆ సొసైటీ మహిళలే అంతకుముందు వరంగల్ జిల్లా బీటీ పత్తి రైతుల అనుభవాలను కెమెరాతో చిత్రీకరించారు. పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామం పురుగుమందులు మానేయడంలోనూ మహిళా సంఘాల పట్టుదల ఉంది. ఆ దారి తర్వాత స్వయం సహాయక సంఘాల ద్వారా ఉమ్మడి రాష్ట్రమంతా పాకి, గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం దాకా వచ్చింది. ఈ ఊళ్లన్నిటిలో మాట తెలిసిన మనిషి నుంచే వచ్చింది. అందుకే చెవికెక్కింది.

2022లో మార్టూరు ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. కొత్త జిల్లా వ్యవసాయ, ఆరోగ్య శాఖలు కలిసి చేయగలిగిన పనులున్నాయి. మందు కొట్టే కాలం మొదలయ్యేలోగా డ్వాక్రా సంఘాల సమావేశాల్లో మందు జాగ్రత్తల విషయం పెట్టాలి. సంఘంలో లేని కూలీలకు ముఠా మేస్త్రి ద్వారా చేరాలి. మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి వచ్చే కుటుంబాలు ఏ జాబితాలోనూ ఉండవు, వాళ్ల గుడారాల దగ్గరికే వెళ్లాలి. ఒంటికి మందు అంటిన లక్షణాలను గుర్తుపట్టడం ఆశా కార్యకర్తలకు నేర్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వాటికి విడిగా రిజిస్టరు పెట్టాలి. డబ్బా మీద తెలుగు అక్షరాలు ఎంత పెద్దవిగా ఉండాలో కేంద్రం ఆదేశించాలి. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు.

అందాకా ఈ మాటలు చదివినవాళ్లు మందు పనికి వెళ్లే మనిషికి చదివి వినిపించండి. మందును కర్రతో కలపండి, చేతులకు తొడుగులు వేసుకోండి. విషం ముక్కు నుంచే కాదు, చర్మం నుంచీ లోపలికి వెళ్తుంది. పని కాగానే సబ్బుతో స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకండి. ఖాళీ డబ్బాలో నూనె గానీ నీళ్లు గానీ పోయకండి. 2013లో బిహార్‌లోని సారణ్ జిల్లాలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. చెమట, చొంగ, వాంతులు, కండరాలు అదరడం కనిపిస్తే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు మందు డబ్బాను గానీ దాని లేబుల్‌ను గానీ వెంట తీసుకెళ్లండి, ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన విరుగుడు ఇవ్వగలరు.