ఈ వయసులో మళ్లీ పరీక్షలేమిటి?

రెండేళ్లకోసారి నేను పుస్తకం ముందేసుకుని కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు ఈ మాట అననే అంటారు. ఇరుగుపొరుగువాళ్లంటే సరే, తోటి నర్సులు కూడా అంటుంటారు. "టైలరుకి రెండేళ్లకోసారి పరీక్ష పెడుతున్నారా? వంటవాడికి పెడుతున్నారా? మనకే ఎందుకీ శిక్ష?" అని. మా అత్తయ్యగారైతే, "చదివిన చదువు అరిగిపోతుందటమ్మా?" అని అడిగారు.

అరిగిపోతుందండీ. ఆ సంగతి చెబుదామనే ఇది రాస్తున్నాను. దాంతోపాటు ఇంకో మాట కూడా. అరిగినదానికి మళ్లీ పదును పెట్టే ఖర్చూ, సెలవూ, ఇంటి సర్దుబాటూ అన్నీ ఆ నర్సమ్మ నెత్తినే వెయ్యడం న్యాయం కాదని.

నేను 22 ఏళ్లుగా నర్సుని. అందులో ఎక్కువ కాలం క్యాజువాలిటీలోనే గడిచింది. గుండె ఆగినవాళ్లకి మొదటి నిమిషాల్లో ఏం చెయ్యాలో నేర్పే శిక్షణలు మాకు రెండున్నాయి. బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ అంటారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పద్ధతిలో ఇచ్చే ఆ కార్డులకి రెండేళ్లే ఆయుష్షు. ఇది కాక నర్సుగా రిజిస్ట్రేషన్‌ని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. దానికి ఆ ఐదేళ్లలో 150 గంటల శిక్షణ పొందినట్టు చూపించాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెబుతోంది.

ఇంతకీ చదువు ఎలా అరుగుతుందంటారా? నేను నర్సింగు చదివే రోజుల్లో గుండె ఆగిన పెద్దవాళ్లకి 15 సార్లు ఛాతీ నొక్కి, రెండుసార్లు ఊపిరి ఊదమని నేర్పారు. 2005లో అది 30కి రెండు అయింది. 2010లో అసలు వరసే మారిపోయింది. అంతకుముందు మొదట గొంతుదారి, తర్వాత ఊపిరి, ఆ తర్వాతే గుండె. ఇప్పుడు ముందు ఛాతీ నొక్కడం మొదలెట్టాకే మిగతావి. 2015లో ఇంకా కచ్చితంగా చెప్పారు... నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతు, ఆరు దాటకుండా. ఎప్పుడో నేర్చుకున్నదాన్నే నమ్ముకుని ఉంటే ఇవేవీ తెలిసేవి కావు.

రక్తం సంగతీ అంతే. చెయ్యో కాలో తెగి రక్తం ధారగట్టి, ఎంత నొక్కిపట్టినా ఆగకపోతే పైన బిగించి కట్టమంటున్నారిప్పుడు. ఒకప్పుడు అది వద్దనేవారు. పాము కాటుకి మాత్రం అలా బిగించి కట్టకూడదు. మన పల్లెల్లో ఇప్పటికీ తాడుతో కట్టి మరీ తీసుకొస్తారు, ఆ కాలు నీలంగా మారి ఉంటుంది. నిండు గర్భిణికి గుండె ఆగితే ఒకరు ఛాతీ నొక్కుతుండగా ఇంకొకరు పొట్టని ఎడమవైపుకి తోసి పట్టుకోవాలి. లేకపోతే లోపలి పెద్ద రక్తనాళాలు నలిగి మనం పడే పాటంతా వృథా.

ఇవన్నీ చదివి గుర్తు పెట్టుకోవచ్చు కదా అంటారు. బుర్రకి గుర్తున్నా చేతులు మరిచిపోతాయి. గుండె ఆగిన కేసు రోజూ రాదు. చిన్న ఊరి ఆసుపత్రిలో నెలల తరబడి రాకపోవచ్చు. శిక్షణ అయిన కొన్ని నెలలకే చేతి పనితనం తగ్గుతుందని ఈ పాఠాలు చెప్పేవాళ్లే ఒప్పుకుంటారు. ఛాతీ నొక్కడమంటే చపాతీ పిండి పిసకడం కాదు. మోచేతులు వంగకుండా, ఒంటి బరువంతా వేసి నొక్కాలి. రెండు నిమిషాలకే భుజాలు వణుకుతాయి, మనిషిని మార్చాలి. నాలాంటి పొట్టివాళ్లు మంచం పక్కన స్టూలు వేసుకుని ఎక్కితే తప్ప బలం అందదు. స్టూలు కావాలన్న సంగతి ఏ పుస్తకంలో చదివితే తెలుస్తుంది? మానికిన్ బొమ్మ మీద నొక్కితే, లోతు చాలకపోతే అది క్లిక్ మనదు. అప్పుడు తెలుస్తుంది మన సంగతి. గుండె ఆగాక నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అప్పుడు పుస్తకం తిరగేసే తీరిక ఎవరికుంటుంది?

అంచేత పరీక్ష ఉండాల్సిందే. నాకు అభ్యంతరం దాన్ని నడిపే తీరు మీద.

నేను ఇదివరకు పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఈ కార్డుల జిరాక్సులన్నీ పెద్ద ఫైల్లో పెట్టేవారు. తనిఖీకి ఎవరైనా వస్తే మొదట చూపించేది ఆ ఫైలే. "మా సిస్టర్లందరూ శిక్షణ పొందినవాళ్లే" అని గొప్పగా చెప్పుకునేవారు. ఫీజు మాత్రం మేమే కట్టుకోవాలి. పక్క జిల్లాలో జరిగే క్లాసుకి బస్సు చార్జీలు మావి. రెండు రోజులూ మా సొంత సెలవు కిందే రాసేవారు. నైట్ డ్యూటీ దిగి స్నానం చేసి బస్సెక్కిన వాళ్లున్నారు మాలో. కార్డు ఆసుపత్రికి కావాలి, ఖర్చు నర్సుది! ఇదేం లెక్క?

ఇంకో రకం కూడా ఉంది. ఇది మరీ ఘోరం. హాల్లో నలభై మంది, ఎదురుగా ఒక్కటే బొమ్మ. గంటసేపు ఉపన్యాసం, రిజిస్టర్లో సంతకాలు, గ్రూపు ఫోటో, టీ బిస్కట్లు. సాయంత్రానికి అందరి చేతుల్లో సర్టిఫికెట్లు. బొమ్మ మీద చెయ్యి వేసింది ముందు వరసలో కూర్చున్న నలుగురే. శిక్షణ లేనమ్మాయి కనీసం పక్కవాళ్లని పిలుస్తుంది. ఇలాంటి కాగితం ఉన్నమ్మాయి తనకి వచ్చుననుకుని నిలబడుతుంది. నన్నడిగితే అలాంటి కాగితం ఇవ్వకపోవడమే మేలు.

పెళ్లి, కాన్పు, భర్తకి బదిలీ... ఇన్నింటి మధ్య ఆడవాళ్ల ఉద్యోగానికి గండి పడుతూనే ఉంటుంది. మా బ్యాచ్‌మేట్ ఒకావిడ ఇద్దరు పిల్లల తర్వాత ఆరేళ్లకి తిరిగొచ్చింది. కార్డులకి గడువు తీరిపోయింది, రిజిస్ట్రేషనూ అంతే. ఎక్కడికెళ్లినా "అవన్నీ తెచ్చుకుని రండి" అన్నవాళ్లే గానీ, "మేం నేర్పిస్తాం రండి" అన్నవాళ్లు లేరు. చివరికి ఒక క్లినిక్‌లో కొత్త పిల్లల జీతానికి చేరింది. నిజానికి మధ్యలో ఆగిపోయినవాళ్లని మళ్లీ పనిలోకి తెచ్చే గుమ్మం ఈ శిక్షణే కావాలి. మనవాళ్లు దాన్నే తలుపు చేసి మూసేశారు.

108 అంబులెన్సుల్లో పనిచేసే అమ్మాయిల సంగతి ఇంకొకటి. ఆ సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. కదిలే బండిలో కాన్పు చేసిన అమ్మాయిలున్నారు అందులో. కానీ వాళ్లది కాంట్రాక్టు ఉద్యోగం. నడిపే సంస్థ మారితే యజమానీ మారతాడు. పాత సంస్థ ఇచ్చిన శిక్షణకి కొత్తచోట ఎంత విలువ ఇస్తారో చెప్పలేం. నర్సుకి కౌన్సిలు నంబరు ఉన్నట్టు వాళ్లకీ సొంత నంబరు ఉండాలి కదా! అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం పార్లమెంటు 2021లో చేసిన చట్టంలో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టులనీ చేర్చారు, వాళ్లకి రిజిస్టరు ఉండాలన్నారు. అది పకడ్బందీగా అమలైతే రెన్యువలంటే వాళ్లకి భయం పోయి, తమ పనికి సాక్ష్యంగా చూపించుకుంటారు.

నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. శిక్షణ రోజుల్ని డ్యూటీగా లెక్కించాలి. ఫీజు పని ఇచ్చినవాళ్లే కట్టాలి. రెండేళ్లకోసారి రెండ్రోజులు హడావుడి చేసి ఊరుకోకుండా, నెలకోసారైనా వార్డులోనే పది నిమిషాలు బొమ్మ మీద సాధన చేయించాలి. ఒక బొమ్మ కొని క్యాజువాలిటీ మూల పెడితే ఆసుపత్రి ఆస్తులేం కరిగిపోవు. ఇక ఇళ్లల్లో మగవాళ్లు... ఆ రెండ్రోజులూ కుక్కరు పెట్టుకోవడం వాళ్లకి చేతకాని విద్యేం కాదు.

మీరూ ఒక పని చెయ్యొచ్చు. మీవాళ్లని ఆసుపత్రిలో చేర్పించినప్పుడు గది అద్దె ఎంత, ఏసీ ఉందా అని అడుగుతారు కదా. "మీ సిస్టర్లకి సీపీఆర్ శిక్షణ చివరిసారి ఎప్పుడు ఇప్పించారు? ఫీజు ఎవరు కట్టారు?" అని కూడా అడిగి చూడండి. ఆ ప్రశ్న మా నోటి నుంచి వస్తే ఫిర్యాదంటారు. డబ్బు కట్టే మీ నోటి నుంచి వస్తే జవాబు చెబుతారు.

ఇప్పుడు పనిచేస్తున్న చోట ఈ ఏడాది మేం తొమ్మిది మందిమి కలిసి అర్జీ పెట్టాం. సగం ఫీజు ఇస్తామన్నారు. మిగతా సగం సంగతీ, సెలవు సంగతీ ఇంకా మాట్లాడుతున్నాం.